చివరి తేదీ నుంచి మొదటి రోజుకి

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకి తెర మీద అంకెలు కనిపిస్తున్నాయా? కనిపించకపోతే ఇప్పుడే చెప్పండి, పెద్దవి చేస్తాను. ఇవాళ్టి మాటంతా, గడువు నుంచి వెనక్కి పనుల తేదీలు లెక్కేసే ఈ ఒక్క షీట్ చుట్టూనే తిరుగుతుంది.

ఒక పుస్తకం పని తీసుకుందాం. 96 పేజీల శిక్షణ పుస్తకం. 2026 ఆగస్టు 14, శుక్రవారం ఉదయం శిక్షణ మొదలవుతుంది. ఆ ఉదయానికి పుస్తకాలు హాల్లో ఉండాలి. మధ్యాహ్నం వస్తే వాటితో పనిలేదు. ఆ తేదీ మన చేతిలో లేదు. మిగతా తేదీలన్నీ మన చేతిలో ఉన్నాయి.

మామూలుగా మనం ఏం చేస్తాం? ఇవాళ్టి తేదీ వేసుకుని ముందుకి నడుస్తాం. వ్యాసాలకి మూడు వారాలు, ఎడిటింగ్‌కి ఓ వారం, పేజీలు పెట్టడానికి ఇంకో వారం. అలా పంచుకుంటూ వెళ్లి చివరికి చూస్తే ప్రింటింగ్‌కి నాలుగు రోజులు మిగులుతాయి. ప్రెస్ వాళ్లకి ఏడు రోజులు కావాలని మనకి తెలుసు. అయినా "నాలుగు రోజుల్లో ఎలాగోలా చేయించుకుందాం" అని రాసేస్తాం. ముందున్న పనులన్నీ కావలసినన్ని రోజులు తీసుకున్నాయి, చివరి పనికి అడుగూబొడుగూ దక్కాయి.

వెనక నుంచి లెక్కేయడం అంటే ప్రశ్నని తిప్పి అడగడం. "ఇది ఎప్పటికి అవుతుంది?" అని అడగం. "ఇది ఆ రోజుకి అయిపోవాలంటే, దీని ముందు పని ఏ రోజుకి అయిపోవాలి?" అని అడుగుతాం. ఆ జవాబు మీద మళ్లీ అదే ప్రశ్న. అలా వెనక్కి, ఇంకా వెనక్కి, మొదటి పని దాకా.

ఇది కొత్త ఆలోచన కాదు. 1957లో డ్యూపాంట్ కంపెనీకి చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కి చెందిన జేమ్స్ కెల్లీ కలిసి క్రిటికల్ పాత్ పద్ధతికి రూపమిచ్చారు. మరుసటి ఏడాది అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పని కోసం పెర్ట్ అనే ఇలాంటి ప్లానింగ్ పద్ధతే తెచ్చింది. కెల్లీ, వాకర్ల లెక్కలో రెండు నడకలుంటాయి. ముందుకి నడిచే లెక్క, ప్రతి పనినీ ఎంత తొందరగా మొదలుపెట్టొచ్చో చెబుతుంది. వెనక్కి నడిచే లెక్క, ఎంత ఆలస్యంగా మొదలుపెట్టినా గడువు చెడదో చెబుతుంది. ఈ రెండింటి మధ్య తేడానే ఆ పనికున్న వెసులుబాటు. ఇంగ్లీషులో ఫ్లోట్ అంటారు. వెసులుబాటు ఏమాత్రం లేని పనుల గొలుసు క్రిటికల్ పాత్. ఫ్యాక్టరీల కోసం 1960ల్లో జోసెఫ్ ఓర్లికీ తీర్చిదిద్దిన మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్ కూడా ఇలాంటి వెనక్కి లెక్కే. సరుకు ఫలానా రోజుకి తయారవ్వాలంటే విడిభాగాల ఆర్డరు ఎన్ని రోజుల ముందు వెళ్లాలి అని. అప్పుడు వాళ్లకి యూనివాక్ లాంటి కంప్యూటర్ కావాల్సి వచ్చింది. ఇప్పుడు మనకి స్ప్రెడ్‌షీట్ చాలు.

మరి ఇంత పాత పద్ధతి గురించి ఇప్పుడెందుకు మాట్లాడుతున్నానో చెప్పాలి. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒక టెంప్లేట్ ఉండేది. అరవైకి పైగా వరుసలు. ప్రతి వరుసలో తేదీ చేత్తో టైప్ చేసి ఉండేది. కొత్త ప్రాజెక్టు వచ్చినప్పుడల్లా పాత ఫైల్‌ని కాపీ చేసి, ఒక్కో తేదీ మార్చుకుంటూ పోయేవాళ్లం. ఒకసారి గడువు వారం రోజులు దగ్గరైంది. "గడువు ముందుకి జరిగింది" అని అందరికీ కబురు పెట్టాం. సగం మంది వారం ఎక్కువ దొరికిందనుకున్నారు! మన భాషలో ముందు అంటే గడిచిపోయినదీ అవుతుంది, రాబోయేదీ అవుతుంది కదా. అప్పట్నుంచి నేను ముందుకి, వెనక్కి అనే మాటలు కబురులో రాయను. కొత్త తేదీ, వారంతో సహా రాస్తాను.

సరే, ఆ సాయంత్రమంతా కూర్చుని తేదీలు సరిచేశాను. ఒక్క వరుస తప్పించుకుంది. తుది ప్రూఫ్ మీద సంతకం. ఆ తేదీ ప్రింటింగ్ మొదలయ్యే రోజు దాటాక ఉండిపోయింది. సంతకం పెట్టాల్సిన ఆవిడ షీట్ చూసుకుని ఇంకా టైముందని నిశ్చింతగా ఉన్నారు. ఆవిడ తప్పేం లేదు, రాసినదాన్ని నమ్మారు. అక్కడ ప్రెస్‌లో మిషన్ మన కోసం ఖాళీగా పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. అరవై తేదీల్లో యాభైతొమ్మిది సరిగ్గా ఉన్నా, ఆ ఒక్కటి చాలు.

అందుకే నేను గట్టిగా పట్టుకున్న మాట ఒకటుంది. టెంప్లేట్‌లో తేదీలు ఉండకూడదు. గడువు తేదీ ఒక్కటే ఉండాలి, అదీ ఒకే ఒక్క సెల్‌లో. మిగతా ప్రతి వరుసలోనూ మనం రాయాల్సినవి రెండే. ఈ పనికి ఎన్ని రోజులు పడుతుంది? ఈ పని అయితే తప్ప కదలలేని పనులు ఏవి? తేదీలు ఆ రెండింటిలోంచి పుట్టాలి. చేత్తో టైప్ చేసిన తేదీ అంటే, అది ఎందుకు ఆ రోజో మర్చిపోయిన తేదీ.

ఇప్పుడు తెర చూడండి. పైనుంచి కిందికి గడువు నుంచి వెనక్కి వెళ్తున్నాం. ఆగస్టు 14 శుక్రవారం పుస్తకాలు హాల్లో. దానికి ముందు మూడు పనిరోజులు బఫర్, అంటే ఆలస్యాల కోసం విడిగా ఉంచిన రోజులు, దాని సంగతి తరవాత చెబుతాను. దాని ముందు రవాణా, రెండు రోజులు. ప్రింటింగ్, బైండింగ్ కలిపి ఏడు. తుది సంతకం రెండు. ప్రూఫ్ దిద్దడం మూడు. పేజీలు పెట్టడం ఐదు. ఎడిటింగ్ ఆరు. వ్యాసాలు రాయడం పదిహేను. ఈ గొలుసు పక్కన విడిగా ఒక పని ఉంది, ముఖచిత్రం. దానికి నాలుగు రోజులు. సంతకం వేళకి అది కూడా బల్ల మీద ఉండాలి.

మొదలు తేదీ కాలమ్‌లో ఒకటే ఫార్ములా. దాన్ని అన్ని వరుసల్లోకీ లాగాను. =వర్క్‌డే(తరవాతి పని మొదలయ్యే తేదీ, మైనస్ రోజులు, సెలవుల జాబితా). అంతే. ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఈ ఫంక్షన్ ఒకేలా పనిచేస్తుంది. మైనస్ అంకె ఇస్తే వెనక్కి నడుస్తుంది, శని ఆదివారాలు దాటేస్తుంది, జాబితాలో ఉన్న సెలవులు దాటేస్తుంది. బఫర్ వరుస చూడండి. ఆగస్టు 14 నుంచి మైనస్ మూడు అంటే ఆగస్టు 11, మంగళవారం. 11, 12, 13 బఫర్‌వి. రవాణా ఆగస్టు 7 శుక్రవారం మొదలవ్వాలి, ఎందుకంటే 8, 9 తేదీలు శని ఆదివారాలు. ప్రింటింగ్ జులై 29న. సంతకం జులై 27న. ప్రూఫ్ 22న. పేజీలు 15న. ఎడిటింగ్ జులై 7న. వ్యాసాలు జూన్ 16, మంగళవారం మొదలవ్వాలి. ముఖచిత్రం వెనక్కి లెక్కేస్తే జులై 21 వచ్చింది.

చూడ్డానికి బాగుంది. కానీ ఇందులో ఒక తప్పుంది. పుస్తకాల పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఈపాటికి పట్టుకుని ఉంటారు.

(సభలోంచి: ముఖచిత్రం ముందే ఎలా చేస్తారు? పేజీలెన్నో తెలియాలి కదండీ.)

సరిగ్గా పట్టుకున్నారు. ముఖచిత్రం అంటే ముందు అట్ట ఒక్కటే కాదు, వెన్ను కూడా ఉంటుంది. వెన్ను ఎంత మందమో పేజీల సంఖ్యని బట్టి, కాగితం మందాన్ని బట్టి ఉంటుంది. పేజీలు పెట్టడం పూర్తయ్యేదాకా అది ఖాయం కాదు. అంటే పేజీల పని కోసం ఎదురుచూసే పనులు రెండు. ఒకటి ప్రూఫ్, ఇంకోటి ముఖచిత్రం. ఇలాంటిచోట వెనక్కి లెక్కలో సూత్రం ఒకటే. ఎదురుచూసేవాళ్లలో ఎవరికి అందరికన్నా ముందు కావాలో, ఆ తేదీయే లెక్క. ఫార్ములాలో మిన్ అని రాస్తాం. ప్రూఫ్‌కి జులై 22, ముఖచిత్రానికి జులై 21. చిన్నది 21. ఇప్పుడు ఆ సంబంధం చేరుస్తున్నాను, తెర మీద ఏం జరుగుతుందో చూడండి.

పేజీల పని జులై 14కి జరిగింది. ఎడిటింగ్ జులై 6, సోమవారానికి. వ్యాసాలు జూన్ 15, సోమవారానికి. ఒక్క రోజే జరిగింది. కానీ ఆ ఒక్క రోజు జులై మూడోవారంలో డిజైనర్, పేజీలు పెట్టేవాళ్లు వాదులాడుకుంటున్నప్పుడు బయటపడటం వేరు, ఇవాళ బయటపడటం వేరు. ఇంకోటి గమనించండి. ప్రూఫ్ దిద్దేవాళ్లకి ఇప్పుడు ఒకరోజు వెసులుబాటు వచ్చింది. పేజీలు 20వ తేదీకే అయిపోతాయి, వాళ్లు 22న మొదలుపెట్టినా చాలు. గొలుసు ఇప్పుడు ప్రూఫ్ మీదుగా వెళ్లడం లేదు, ముఖచిత్రం మీదుగా వెళ్తోంది. రోజూ ఎవరికి ఫోన్ చేసి కనుక్కోవాలో దీన్ని బట్టి మారుతుంది.

టెంప్లేట్ తయారుచేసేటప్పుడు మనం అందరికన్నా ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం. ఫార్ములా పది నిమిషాల పని. "దీని కోసం ఎవరు ఆగుతారు?" అనే కాలమ్ నింపడానికి ఆ పని నిజంగా చేసేవాళ్లని పిలిచి కూర్చోబెట్టాలి. మేనేజర్ ఒక్కరే కూర్చుని నింపితే వెన్ను సంగతి ఆ షీట్‌లోకి రాదు. ఒక పని ఇంకోదాని కోసం, అదే మళ్లీ మొదటిదాని కోసం ఆగేలా పొరపాటున రాస్తే స్ప్రెడ్‌షీట్ సర్క్యులర్ రిఫరెన్స్ అని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికని మూసేయకండి. ఇద్దరు మనుషులు ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చోబోతున్నారని దాని అర్థం.

ఫార్ములాల్లో గోతులు కొన్నున్నాయి, నేను పడినవే చెబుతాను. వర్క్‌డే మొదటి రోజుని లెక్కలోకి తీసుకోదు. నెట్‌వర్క్‌డేస్ అనే ఇంకో ఫంక్షన్ మాత్రం రెండు చివర్లనీ కలుపుకుంటుంది. జూన్ 15 సోమవారం నుంచి 19 శుక్రవారం దాకా నెట్‌వర్క్‌డేస్ ఐదు అంటుంది. జూన్ 15కి వర్క్‌డేతో ఐదు కలిపితే జూన్ 22 వస్తుంది, 19 కాదు. ఒకే షీట్‌లో ఈ రెండింటినీ కలగాపులగంగా వాడితే ప్రతి వరుసలోనూ ఒకరోజు తేడా వస్తుంది, పది వరుసలకి రెండు వారాలు గల్లంతు. అందుకే నేను ఒకే పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి పనీ, తరవాతి పని మొదలయ్యే రోజుకి ముందు పనిరోజున ముగియాలి. అంతకుమించి ఇంకో నియమం లేదు.

రెండోది, సున్నా రోజుల పని. "ఒప్పందం ఖరారు" లాంటి మైలురాళ్లకి సున్నా అని రాస్తాం. వర్క్‌డేకి సున్నా ఇస్తే అది అదే తేదీని తిరిగి ఇచ్చేస్తుంది, అది ఆదివారమైనా సరే. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. గడువు ఆగస్టు 12కి మారిందనుకోండి. ఒకరు 12/08 అని కొడతారు. ఆ కంప్యూటర్‌లో నెల ముందు, రోజు తరవాత ఉండే అమరిక ఉంటే అది డిసెంబరు 8 అయిపోతుంది. షీట్ ఏ తప్పూ చూపించదు. అన్ని తేదీలూ నాలుగు నెలలు దూరం వెళ్లిపోయి చక్కగా, పచ్చగా కనిపిస్తాయి. అందుకే గడువు సెల్‌లో సంవత్సరం, నెల, రోజు ఆ వరసలోనే కొట్టమంటాను, 2026-08-12 అని. పక్క సెల్‌లో అదే తేదీ నెల పేరుతో, వారంతో కనిపించేలా పెడతాను. "బుధవారం, ఆగస్టు 12" అని చదివితే కన్ను పట్టేస్తుంది.

క్యాలెండర్ల గురించి ఒక మాట. అందరికీ ఒకే వారం ఉండదు. ప్రెస్ శనివారం కూడా పనిచేయొచ్చు. వర్క్‌డే.ఇంటిఎల్ అనే ఫంక్షన్‌లో ఏడు అంకెల వరస ఇవ్వొచ్చు, సోమవారంతో మొదలుపెట్టి. పనిరోజుకి సున్నా, సెలవుకి ఒకటి. ఆదివారం ఒక్కటే సెలవైతే 0000001. ఈ వరసని ప్రతి వరుసకీ వేరే కాలమ్‌లో పెట్టండి. అలాగే కొన్ని పనులకి సెలవు అనేదే లేదు. రంగు ఆరడానికి, సిమెంటు గట్టిపడడానికి, చట్టప్రకారం ఇవ్వాల్సిన నోటీసు గడువుకి ఆదివారం కూడా రోజే. అలాంటి వరుసల్లో వర్క్‌డే వాడకూడదు, తేదీలోంచి నేరుగా రోజులు తీసేయాలి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికొద్దాం. ఈ రోజుల అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎడిటింగ్‌కి ఆరు అని ఎవరు చెప్పారు?

మనం అడిగితే మనుషులు మంచి మనసుతోనే తక్కువ చెబుతారు. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ డిగ్రీ థీసిస్ రాస్తున్న విద్యార్థులని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులు అని మళ్లీ అడిగితే 48.6 అన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. అంటే తాము ఊహించగల చెడ్డ పరిస్థితి కన్నా కూడా ఏడు రోజులు ఎక్కువ. ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు మనుషుల మీద కోపం రాదు, జాలి వేస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. పని ఎలా జరగాలో చెప్పారు, ఎలా జరుగుతుందో చెప్పలేకపోయారు.

దీనికి టెంప్లేట్‌లో మందుంది. రోజుల కాలమ్ పక్కన ఇంకో కాలమ్ పెట్టండి, "నిజంగా పట్టిన రోజులు" అని. ప్రతి ప్రాజెక్టు అయ్యాక దాన్ని నింపండి. ఐదు ప్రాజెక్టులయ్యేసరికి పేజీల పనికి 4, 5, 5, 6, 11 అని ఉందనుకోండి. సగటు 6.2, నడిమి అంకె 5. నేను ఐదే రాస్తాను. కానీ ఆ పదకొండుని చెరిపేయను. ఆ సారి ఏమైందో పక్కన ఒక ముక్క రాయిస్తాను. పేజీలు పెట్టడం మొదలయ్యాక కొత్త వ్యాసం వచ్చి చేరిందని తెలిస్తే, అది పేజీలవాళ్ల సమస్య కాదు, ఎడిటింగ్ మూసే తేదీ సమస్య.

కొన్ని అంకెలు పని పరిమాణాన్ని బట్టి మారాలి. రోజుకి ఇరవై పేజీలు పెడతారనుకుంటే 96 పేజీలకి 4.8, పైకి సరిచేస్తే ఐదు. ఎడిటింగ్ రోజుకి పదహారు పేజీలైతే సరిగ్గా ఆరు. కాబట్టి పేజీల సంఖ్యని కూడా పైన గడువు పక్కనే ఒక సెల్‌లో పెట్టాను. ఇప్పుడు 120 కొడుతున్నాను. పేజీల పని ఆరు రోజులైంది, ఎడిటింగ్ ఎనిమిదైంది. వ్యాసాలు జూన్ 15కి బదులు జూన్ 10, బుధవారం మొదలవ్వాలంటోంది. "ఇంకో ఇరవైనాలుగు పేజీలే కదా" అన్నవాళ్లకి చూపించడానికి ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు. మళ్లీ 96కి మారుస్తున్నాను.

ఇక బఫర్. వెనక్కి లెక్కకి ఒక స్వభావం ఉంది. అది ప్రతి పనినీ ఎంత వీలైతే అంత ఆలస్యంగా పెడుతుంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ముగింపు తేదీ నుంచి షెడ్యూల్ చేయమంటే ప్రతి కొత్త పనికీ అది తనంతట తానే "వీలైనంత ఆలస్యంగా" అనే షరతు పెట్టేస్తుంది. అంటే ఎక్కడ ఒక రోజు జారినా గడువు జారుతుంది. పైగా రెండు దారులు ఒకచోట కలిసినప్పుడు సంగతి ఇంకా కష్టం. ముఖచిత్రం టైముకి రావడానికి నూటికి ఎనభై అవకాశం ఉంది, ప్రూఫ్‌కీ ఎనభై ఉంది అనుకుందాం. ఒకదాని సంగతి ఇంకోదానికి పట్టకపోతే, రెండూ టైముకి రావడానికి అవకాశం అరవైనాలుగే. మూడు దారులు కలిస్తే యాభైఒకటి. ఎవరికి వాళ్లు బాగానే చేస్తున్నారు, అయినా మొత్తం పని బొమ్మా బొరుసూ అయింది.

ఈ భయంతో చాలామంది ప్రతి పనిలోనూ ఒకటి రెండు రోజులు దాచిపెట్టుకుంటారు. ఆరు రోజుల పనికి ఎనిమిది అంటారు. అది నాకు నచ్చదు. దాచిన రోజులు ఎవరికీ కనిపించవు, అక్కరలేనప్పుడు తిరిగి రావు. అన్ని పనుల్లోంచీ ఆ రోజుల్ని బయటికి తీసి, గడువుకి ముందు ఒకేచోట, పేరు పెట్టి పెట్టాలి. అంతరిక్ష ప్రయోగాల కౌంట్‌డౌన్‌లో ఈ పని ఎంత బాహాటంగా చేస్తారో చూడండి. నాసా స్పేస్ షటిల్ కౌంట్‌డౌన్ గడియారం టీ మైనస్ 43 గంటల దగ్గర, అంటే ప్రయోగానికి 43 గంటలున్నట్టు చూపిస్తూ, మొదలయ్యేది. కానీ ప్రయోగానికి అంతకన్నా చాలా ఎక్కువ గంటలుండేవి. ఎందుకంటే మధ్యలో కొన్నిచోట్ల గడియారాన్ని కావాలనే ఆపేవారు, టీ మైనస్ 20 నిమిషాల దగ్గర, 9 నిమిషాల దగ్గర కూడా. వెనకబడ్డ పనులు అందుకోవడానికి ఆ విరామాలు. అసలు గంటలకి ఎల్ మైనస్ అని వేరే లెక్క. విరామం ఎక్కడుందో, ఎంతసేపో అందరికీ ముందే తెలుసు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది చెబుతాను. ఇవాళ జూన్ 15 అనుకుందాం. గడువు ఆగస్టు 12కి మార్చాను. చూడండి, మొదటి వరుస జూన్ 11, గురువారం అంటోంది. ఎర్రబడింది. మనం మొదలుపెట్టకముందే రెండు పనిరోజులు వెనకబడ్డాం అని షీట్ చెబుతోంది.

ఒకచోట నేను చూసిన టెంప్లేట్‌లో దీనికి ఒక తెలివైన ఏర్పాటు చేశారు. మొదలు తేదీ గడిచిపోయినదైతే దాని బదులు ఇవాళ్టి తేదీ చూపించు, అని ఫార్ములాలో రాశారు. ఎరుపు కనిపిస్తే పైవాళ్లు కంగారుపడతారని. ఒకరోజు ఆ షీట్ తెరిస్తే వరసగా తొమ్మిది పనులకి ఒకే తేదీ, ఆ రోజుదే. ఒకదాని తరవాత ఒకటి జరగాల్సిన తొమ్మిది పనులు అన్నీ ఇవాళే మొదలట. ఎక్కడా ఎరుపు లేదు. వారాల తరబడి సమీక్షల్లో అదే షీట్ చూపించారు. ఆ బృందంలో కుర్రాళ్లు చివరి రెండు వారాలూ ఇళ్లకి సరిగ్గా వెళ్లలేదు. గడువు ఎలాగూ తప్పింది. మొదటి రోజే ఎరుపు కనిపించి ఉంటే ఒక గంట మాట్లాడుకుంటే తేలిపోయేది.

అందుకని అడుగుతున్నాను, మీ టెంప్లేట్‌కి నిజం చెప్పే హక్కు ఉండనివ్వండి. తేదీ గడిచిపోతే గడిచిపోయిందనే చూపాలి. ఫార్ములా తనంతట తాను రోజుల్ని నొక్కేయకూడదు, ఏడు రోజుల ప్రింటింగ్‌ని ఐదు చేయకూడదు. రెండు రోజులు ఎక్కడి నుంచి తేవాలో నిర్ణయించాల్సింది మనుషులు. వ్యాసాలు ఒకటి తగ్గిద్దామా? మొదట వచ్చిన వ్యాసాలకి ఎడిటింగ్ ముందే మొదలుపెడదామా? బఫర్‌లోంచి రెండు తీసి ఒక్కటితో నడుద్దామా? గడువు ఇచ్చినవాళ్లతోనే మాట్లాడదామా? ఏది ఎంచుకున్నా ఆ వరుస పక్కన ఎవరు నిర్ణయించారో, ఏ రోజో రాసుకోవాలి.

పని మొదలయ్యాక ఇంకో జాగ్రత్త. అయిపోయిన పనుల తేదీలు బిగుసుకుపోవాలి. ఎడిటింగ్ జులై 13న ముగిసిందని నమోదు చేశాక, తరవాత గడువు మారినా ఆ తేదీ కదలకూడదు. అందుకే రెండు కాలమ్‌లు వేరువేరుగా ఉండాలి. ఒకటి లెక్క చెప్పే ఆఖరి తేదీ, ఇంకోటి నిజంగా జరిగిన తేదీ. వెనక్కి లెక్కతో ప్లాన్ వేసుకుంటాం, నడిపేటప్పుడు నిజంగా జరిగిన తేదీల నుంచి ముందుకి కూడా లెక్కేసి, రెండూ ఎక్కడ కలుస్తున్నాయో చూస్తాం.

గుర్తుచేసే మెసేజ్‌ల సంగతి త్వరగా చెప్పేస్తాను. రోజూ పొద్దున ఒకసారి చిన్న స్క్రిప్ట్ నడుస్తుంది. మూడు పనిరోజుల్లో మొదలవ్వాల్సిన వరుసలు వెతికి, ఆ మనిషికి ఒకే ఒక్క మెసేజ్ పంపుతుంది. "మీ గడువు ఫలానా తేదీ" అని పంపితే ఎవరూ పట్టించుకోరు. "మీ ప్రూఫ్ కోసం సోమవారం ఉదయం సంతకానికి ఫలానావారు ఎదురుచూస్తుంటారు" అని పంపితే చదువుతారు. అవతల మనిషి ఉన్నారని తెలిస్తే పనికి విలువ పెరుగుతుంది. ఆ కాలమ్ మన దగ్గర ఎలాగూ ఉంది కదా.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: షీట్‌లో ఆఖరి తేదీ కనిపిస్తే మావాళ్లు ఆ రోజుదాకా పని ముట్టుకోరండీ. ఏం చేయాలి?)

మంచి ప్రశ్న అడిగారండీ. ఇది అందరి దగ్గరా ఉన్నదే. నేను పనిచేసేవాళ్లకి పంపే షీట్‌లో ఆఖరి తేదీ పెట్టను. ముందుకి లెక్కేస్తే వచ్చే తేదీ పెడతాను, అంటే ముందు పని అందిన మరుసటి పనిరోజు. ప్రూఫ్ వాళ్లకి జులై 21 అని కనిపిస్తుంది, 22 అని కాదు. ఆఖరి తేదీ సమన్వయం చూసేవాళ్ల షీట్‌లో ఉంటుంది. దాచానని ఎవరూ అనుకోకుండా ఇలా రెండున్నాయని ముందే చెబుతాను. అడిగినవాళ్లకి చూపిస్తాను.

(సభలోంచి: బఫర్ పైవాళ్లకి కనిపిస్తే దాన్నే ముందు కోసేస్తారు కదండీ?)

కోసేస్తారండీ, నాకూ జరిగింది. అందుకే "బఫర్" అని ఉత్తినే రాయడం మానేశాను. పాత ప్రాజెక్టుల్లో నిజంగా పట్టిన రోజులు, అనుకున్న రోజులు పక్కపక్కన పెట్టి, ఆ తేడాలోంచి వచ్చిన అంకె అని చూపిస్తాను. ఈ మూడు రోజుల వెనక ఐదు పుస్తకాల అనుభవం ఉందని కనిపిస్తే, కోసేవాళ్లు కూడా ఒకసారి ఆగి అడుగుతారు. ఏ ఆధారమూ లేకుండా ఊరికే మూడు రాస్తే మాత్రం, కోసినా మనం ఏమీ అనలేం.

ఈ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను, కావలసినవాళ్లు కాపీ చేసుకోండి. సెలవుల షీట్ ఖాళీగా ఉంది. గడువు కొట్టేముందు మీ సెలవులు, మీ ప్రెస్ సెలవులు, సంతకం పెట్టేవాళ్లు ఊళ్లో ఉండని రోజులు అందులో నింపండి. అది నింపకపోతే తెర మీద కనిపించే తేదీ ఒక్కటి కూడా మీది కాదు.